కొర్రమీనుకి, పండుగప్పకి లూర్ వేసేవాళ్ళు ఏ లూర్‌కి ఏ లైన్ కడుతున్నారు?

మహేంద్రతనయ_గట్టు:

అందరికీ నమస్కారం అండి. మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. చిన్నప్పట్నించి వెదురు కర్రకి నైలాన్ దారం కట్టి వానపాము గుచ్చి జెల్లలు, మట్టగిడసలు పట్టడం అలవాటే గానీ రాడ్డు, రీలు కొనుక్కుని లూర్ (నకిలీ ఎర) వెయ్యడం మొదలెట్టింది ఈమధ్యనే. ఏడడుగుల మీడియం హెవీ స్పిన్నింగ్ రాడ్డు, 3000 సైజు రీలు. ఎక్కువగా కొర్రమీనుకే వేస్తాను, ఊరి చుట్టుపక్కల చెరువుల్లోనూ మహేంద్రతనయ మడుగుల్లోనూ. సెలవలు దొరికితే మా బావతో కలిసి సోనాపూర్ దగ్గర బాహుదా మొగకి పండుగప్ప కోసం వెళ్తుంటాను.

ఇప్పుడు నా ఇబ్బందల్లా లైన్ దగ్గరే. లూర్ల గురించి దొరికే వీడియోలన్నీ అమెరికావాళ్ళ బాస్ చేపల వేట వీడియోలే, ఒకాయన క్రాంక్‌బెయిట్‌కి (లాగితే నీటిలోకి మునిగి ఊగుతూ వచ్చే లూర్) ఫ్లోరోకార్బన్ దారమే కట్టాలంటాడు, ఇంకొకాయన పాపర్‌కి (నీటి మీద నీళ్ళు చిమ్ముతూ వచ్చే లూర్) ఫ్లోరో కడితే అసలు ఆడదంటాడు, ఫ్రాగ్‌కి (రబ్బరు కప్ప) 65 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) కన్నా తక్కువ కట్టొద్దంటాడు, ఇంకో ఆయన అన్నిటికీ బ్రెయిడే వేసి ముందు లీడర్ (లూర్‌కీ మెయిన్ లైన్‌కీ మధ్య కట్టే వేరే దారం ముక్క) కట్టుకోమంటాడు. వాళ్ళకి పడవ మీద ఒక్కో లూర్‌కి ఒక్కో రాడ్డు వరసగా పేర్చి ఉంటుంది, నాకున్నది ఒక్కటే రాడ్డు.

నా దగ్గర రెండు రబ్బరు ఫ్రాగ్‌లు, ఒక పాపర్, ఆరేడు అడుగులు మునిగే క్రాంక్‌బెయిట్ ఒకటి, చిన్న ఇన్‌లైన్ స్పిన్నర్లు, ఒక ప్యాకెట్ సాఫ్ట్ వార్మ్‌లు (మెత్తటి నకిలీ వానపాములు) ఉన్నాయి. రీల్లో ఇప్పుడున్నది 0.35 మిల్లీమీటర్ల లావు నైలాన్. దీంతో క్రాంక్ బాగానే ఆడుతోంది. కానీ గుర్రపుడెక్క మీద ఫ్రాగ్ వేసినప్పుడు చేప గట్టిగా కొడుతుంది, నేను లాగుతాను, లాగిన లాగుడంతా దారంలోనే పోయినట్టుంటుంది, ఈలోపు చేప డెక్క కిందకి దూరి విదిలించుకుపోతుంది. మొన్న బాహుదా మొగలో మంచి చేప పడి రెండు గెంతులు గెంతి దారం కోసేసింది, చివర చూస్తే దారం పీచుపీచుగా ఉంది.

ఏ లూర్‌కి ఏ లైన్, ఎంత లావు, ఎందుకు, కాస్త వివరంగా చెప్పగలరా? ఒక్క రాడ్డుతోనే ఎలా నెట్టుకురావాలో కూడా చెప్పండి.

గుణుపూర్_గెడ్డ:

తమ్ముడూ, మంచి ప్రశ్న వేశావు. ఆ వీడియోల్లో లూర్ ఎలా ఆడించాలో చెప్పేది మనకి పనికొస్తాది, పౌండ్ల లెక్క మాత్రం అలాగే దించుకోకు. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా చేప. దాని ప్రపంచ రికార్డు 1932లో జార్జియాలో పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప, అంటే సుమారు పది కిలోలు, మళ్ళీ 2009లో జపాన్‌లో బివా సరస్సులో దానికి సాటి చేప ఇంకోటి పడింది. ఇన్నేళ్ళలో అదే గరిష్ఠం. మన మొగల్లో పండుగప్ప పది కిలోలు దాటడం వింతేం కాదు. కొర్రమీను అంత బరువు తూగదు గానీ అది కాపురం ఉండే చోటు చూడు, డెక్క, తామర, తూటికాడ, జమ్ము. అక్కణ్ణించి చేపని కాదు, చేపతో పాటు బుట్టెడు చెత్తని కూడా లాగాల. బాస్‌కి సరిపోయిన లెక్క ఈ రెండిట్లో దేనికీ సరిపోదు.

అందుకని లూర్ పేరు చూసి లైన్ కట్టకు. ఆ లూర్ నీటి మీద ఆడాలా, అడుక్కి దిగాలా? చేప పడ్డాక ఎక్కడికి పరిగెడతాది, డెక్కలోకా, రాళ్ళలోకా, ఖాళీ నీటిలోకా? ఈ రెండూ చూసుకుంటే ఏది కట్టాలో నీకే తెలిసిపోతాది.

మూడు రకాల దారాల గుణాలు చెప్తాను. నైలాన్ నీటి కన్నా కాస్తే బరువు, చాలా నెమ్మదిగా మునుగుతాది. బాగా సాగుతాది, తెగే లోపు దగ్గరదగ్గర పాతిక శాతం దాకా సాగే రకాలున్నాయి. నీళ్ళు పీలుస్తాది, ఎండకి పాడవుతాది. ఫ్లోరోకార్బన్ నీటి కన్నా ఒకటి ముప్పావు రెట్లు బరువు, సాంద్రత 1.78, అందుకే గబగబా దిగిపోతాది. రాపిడికి ఓర్చుకుంటాది, నీళ్ళు పీల్చదు, కానీ బిరుసు. బ్రెయిడ్ అంటే పాలిథిలీన్ పోగులు అల్లింది, సాంద్రత 0.97, నీటి మీద తేలుతాది. అసలు సాగదనే అనుకో. అదే బలానికి చాలా సన్నంగా ఉంటాది, చాలా ప్యాకెట్ల మీద 30 పౌండ్ల బ్రెయిడ్‌కి లావు 8 పౌండ్ల నైలానంత అని రాసే ఉంటాది, చూడు. కాకపోతే రాయికి గాని ఆల్చిప్పకి గాని ఒక్కసారి ఒరుసుకుంటే పుటుక్కుమంటాది.

ఇప్పుడు నీ ఫ్రాగ్ సంగతి. నువ్వు చెప్పిన ఇబ్బంది సరిగ్గా నైలాన్ సాగుడు వల్లే. ఇరవై మీటర్ల అవతల చేప కొట్టింది, నువ్వు రాడ్డు ఎత్తి మూడడుగులు లాగావు, ఆ మూడడుగుల్లో సగం పైన దారం సాగడానికే పోతాది. కొర్రమీను నోరు ఎముక, దానికి తోడు ఫ్రాగ్‌కి ఉండేది లావాటి జంట గాలం, అది దిగాలంటే గట్టి దెబ్బ తగలాల. బ్రెయిడ్ కట్టు, నేరుగా ఫ్రాగ్‌కే కట్టు, లీడర్ వద్దు. డెక్క మీద చేపకి దారం కనపడదు, లీడర్ ముడి ఉంటే ఆకులకి తగులుకుంటాది. ఇంకో సంగతి, బ్రెయిడ్ లాగుడికి డెక్క కాడని కోసుకుంటూ వస్తాది, నైలాన్ అయితే కాడకి చుట్టుకుని ఆగిపోతాది.

65 పౌండ్లు మాత్రం నీకొద్దు. నీ రాడ్డు మీద ఎన్ని పౌండ్ల లైన్ దాకా అని రాసి ఉంటాది, అది చూడు. 3000 రీలుకి మీడియం హెవీ రాడ్డుకి 65 వేసి డ్రాగ్ (చేప లాగితే రీలు దారం వదిలే బిగువు) బిగించేస్తే దారం తెగదు, రాడ్డు విరుగుతాది. 30 నించి 40 పౌండ్లు, అంటే పీఈ (బ్రెయిడ్ లావు చెప్పే నంబరు) 2 నించి 3 మధ్యన, చాలు.

బరంపురం_పోటుపాటు:

గుణుపూర్ అన్న చెరువు సంగతి చెప్పేశారు, నేను మొగ సంగతి చెప్తాను. మేము గోపాల్‌పూర్ వైపు, బాహుదా మొగ వైపు వేస్తుంటాం.

నీ దారం చివర పీచుపీచుగా ఉందన్నావు చూడు, అది పండుగప్ప పనే అయ్యుంటుంది. దాని నోరు లోపల ఇసుక కాగితంలా గరుకు, బొటనవేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. పెద్ద పళ్ళేం ఉండవు గానీ ఆ గరుకు మీద దారం అటూ ఇటూ ఒరుసుకుంటూనే ఉంటుంది. దానికి తోడు మొప్పల మీద మూత ఉంటుంది కదా, దాని అంచు కత్తిలా పదును. చేప పైకి గెంతి తల విదిలించినప్పుడు మూతలు విచ్చుకుంటాయి, దారం ఆ అంచు మీద పడిందంటే అయిపోయినట్టే. ఇది నైలానా, బ్రెయిడా అని కాదు, సన్నగా ఉన్నది ఏదైనా తెగుతుంది. అక్కడ కావాల్సింది లావు లీడర్.

మా పద్ధతి ఇది. మెయిన్ లైన్ పీఈ 2, కొంచెం రాళ్ళు, వంతెన స్తంభాలు ఉన్నచోట పీఈ 2.5. ముందు 40 పౌండ్ల లీడర్ మూడు నాలుగు అడుగులు, పెద్ద చేపలు తిరుగుతున్నాయని తెలిస్తే 50. స్తంభాలకి ఆల్చిప్పలు పట్టి ఉంటాయి, అందుకని లీడర్ మా చెయ్యి చాచినంత పొడవుకి తగ్గనివ్వం. మినో (సన్నటి చేప ఆకారంలో ఉండే గట్టి లూర్), సాఫ్ట్ ప్లాస్టిక్ చేపపిల్ల లూర్లకి ఫ్లోరో లీడర్ కడతాం, పాపర్ వేసేటప్పుడు మాత్రం నైలాన్ లీడర్. ఎందుకంటే ఫ్లోరో బరువుకి పాపర్ మూతి కిందకి వంగిపోతుంది, అప్పుడు నీళ్ళు చిమ్మాల్సింది పోయి ముక్కు మునిగి వస్తుంది. నువ్వు విన్న మాట అదే, అది నిజమే. లీడర్ అడుగు, అడుగున్నరే అయితే అంత తేడా తెలియదు గానీ ఇక్కడ నాలుగు అడుగులు కడతాం కాబట్టి తెలుస్తుంది.

పాపర్‌కి బ్రెయిడ్ నేరుగా కట్టకు. బ్రెయిడ్ మెత్తన, లూర్ ఆగినప్పుడల్లా దారం వదులై ముందు గాలానికి చుట్టుకుంటుంది. బిరుసుగా ఉన్న నైలాన్ ముక్క ముందు ఉంటే ఆ గొడవ ఉండదు.

పోటు తిరిగి నీరు తీసేటప్పుడు మొగలో లాగు బలంగా ఉంటుంది, లావు దారం అయితే ఆ లాగుకి విల్లులా వంగిపోయి లూర్ ఎక్కడుందో తెలియదు. మేము పీఈ 4, 5కి పోకుండా పీఈ 2 దగ్గరే ఆగడానికి అదే కారణం. సన్నగా ఉంటే గాలికి, నీటికి తక్కువ దొరుకుతుంది, ఎక్కువ దూరం పడుతుంది.

ఇంకొక్క మాట. పండుగప్ప పుట్టినప్పుడు మగదే, పెరిగి పెద్దయ్యాక ఆడదవుతుంది. చాలా పెద్ద చేప పడిందంటే అది గుడ్లు పెట్టే తల్లి అనే లెక్క, వానాకాలంలో మొగకి గుడ్లు పెట్టడానికే వస్తుంది. మా వాళ్ళం పెద్దవి ఫోటో తీసుకుని వదిలేస్తాం, తినడానికి మధ్య సైజు ఉంచుకుంటాం. సన్న దారంతో పెద్ద చేపని గంటసేపు ఆడించి అలిసిపోయాక వదిలితే అది బతకడం కష్టం, తగిన బలం ఉన్న లైన్ కట్టి తొందరగా ఒడ్డుకి తెచ్చి వదలండి.

రాయగడ_నాగావళి:

ఇద్దరు చెప్పినదాంట్లో ఒక్క దగ్గర నేను ఒప్పుకోను. అన్నిటికీ బ్రెయిడ్ అనే దారిలోకి ఈ అబ్బాయిని నెట్టకండి, క్రాంక్‌బెయిట్‌కి వాడు ఇప్పుడు వాడుతున్న నైలానే మంచిది, వాడే చెప్పాడు బాగా ఆడుతోందని.

కారణం చెప్తాను. క్రాంక్‌కి ఉండేవి చిన్న చిన్న మూడు కొక్కేల గాలాలు, సన్నటి తీగతో చేసినవి. వాటికి గట్టి దెబ్బ అక్కర్లేదు, చేప కొట్టిన ఊపుకే అవి దిగుతాయి. చేప దగ్గరకొచ్చి ఒక్కసారి తల విదిలించిందనుకో, సాగని దారం అయితే ఆ కుదుపంతా గాలం మీదే పడి నోరు చిరిగి ఊడొస్తుంది, లేదా గాలమే తెరుచుకుంటుంది. నైలాన్ కొంచెం సాగి ఆ కుదుపుని మింగేస్తుంది. బాస్‌వాళ్ళు క్రాంక్‌కి మెత్తటి రాడ్డు, 10, 12 పౌండ్ల నైలాన్ గాని ఫ్లోరో గాని కట్టేది ఇందుకే. ఆ ఒక్క విషయంలో వాళ్ళ లెక్క మనకి కూడా పనికొస్తుంది, ఎందుకంటే క్రాంక్ వేసేది ఖాళీ నీటిలోనే, డెక్కలో కాదు.

లోతు గురించి కూడా చెప్పాలి. క్రాంక్ ప్యాకెట్ మీద ఆరేడు అడుగులు అని ఉంటుంది, అది ఫలానా లావు దారంతో అని లెక్క. లావు దారం కడితే నీరు దారాన్ని పైకి లేపి పట్టుకుంటుంది, లూర్ అంత లోతుకి దిగదు. నీ 0.35 కొంచెం లావే, 0.30కి దిగితే అదే క్రాంక్ ఇంకాస్త లోతుకి పోతుంది. మా నాగావళిలో ఎండాకాలం మడుగుల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది, లూర్ అడుగు రాళ్ళకి టకటకా తగులుతూ వస్తేనే వాలుగ కొడుతుంది, పైపైన వస్తే పట్టించుకోదు. వాలుగ కోసం అయితే మాత్రం ముందు ఒక అడుగు లావు లీడర్ కట్టు, దాని దవడల నిండా సన్నటి పళ్ళు గుత్తులుగా ఉంటాయి, దారాన్ని నమిలేస్తుంది.

ఫ్లోరో కనపడదు అని దాని మీద ఎక్కువ డబ్బు తగలెయ్యొద్దు. నీటి వక్రీభవన గుణకం 1.33, ఫ్లోరోది 1.42, నైలాన్‌ది 1.5 పైన, ఆ లెక్కన ఫ్లోరో నీటిలో తక్కువ కనపడే మాట నిజమే. కానీ జూలై నుంచి అక్టోబరు దాకా వంశధార, నాగావళి ఎర్రనీళ్ళలో చేతిని మణికట్టు దాకా ముంచితే వేళ్ళు కనపడవు, అక్కడ ఏ దారమైనా ఒక్కటే. చలికాలంలో, ఎండాకాలంలో తేటనీళ్ళు ఉన్నప్పుడు, కోలాబ్ లాంటి జలాశయాల్లో వేసేటప్పుడు కట్టుకో. అసలు ఫ్లోరో గొప్పతనం కనపడకపోవడం కన్నా రాపిడికి ఓర్చుకోవడంలోనూ తొందరగా దిగడంలోనూ ఉంది. ఫ్లోరో సాగదు అని కూడా కొందరంటారు, అది కరెక్ట్ కాదు, గట్టిగా లాగితే అదీ సాగుతుంది.

గుణుపూర్_గెడ్డ:

నాగావళి బావా, క్రాంక్ సంగతి నువ్వన్నది నిజం, ఒప్పుకుంటాను. కాకపోతే ఆ అబ్బాయి బ్రెయిడ్ చుట్టించుకుని క్రాంక్ కూడా వెయ్యాలనుకుంటే దారి ఉంది, ముందు ఆరడుగులు నైలాన్ లీడర్ కట్టి డ్రాగ్ కొంచెం వదులు చేసుకుంటే ఆ కుదుపు చాలావరకు తట్టుకుంటాది. పూర్తి నైలాన్ అంత బాగా కాదు గానీ పని జరుగుతాది.

సాఫ్ట్ వార్మ్ గురించి ఎవరూ చెప్పలేదు. దానికి బుల్లెట్ సీసం వేసి అడుగున ఈడ్చుకుంటూ రావాల. చేప పట్టిన సంగతి చేతికి తెలియడమే అక్కడ అసలు పని, చిన్నగా టక్ మంటాది, లేదా దారం పక్కకి జరుగుతాది, అంతే. నైలాన్ అయితే ఆ టక్ మధ్యలోనే పోతాది. బ్రెయిడ్ మెయిన్, ముందు 15 నించి 20 పౌండ్ల ఫ్లోరో లీడర్ నాలుగైదు అడుగులు కట్టు. మోళ్ళు ఉన్నచోట ఇంకొంచెం లావు కట్టు. గాలి ఎక్కువున్న రోజు బ్రెయిడ్ తేలికై నీటి మీద వంకర తిరిగి పోతాది, అప్పుడు రాడ్డు కొన నీటి దగ్గరకి దించి దారం మునిగేలా పట్టుకో.

ఇన్‌లైన్ స్పిన్నర్‌కి ఏ లైనైనా పరవాలేదు గానీ అది గిర్రున తిరిగి దారాన్ని మెలిపెట్టేస్తాది. లూర్‌కి అడుగున్నర పైన మంచి బేరింగ్ స్వివెల్ ఒకటి పెట్టు.

మహేంద్రతనయ_గట్టు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, ఇన్నాళ్ళూ వీడియోలు చూసి అర్థం కానిది ఇప్పుడు అర్థమయింది. అయితే నా ప్లాన్ ఇది, బ్రెయిడ్ 30 పౌండ్లది కొని రీల్లో చుట్టుకుంటాను, ఫ్రాగ్‌కి నేరుగా, మొగకి 40 పౌండ్ల లీడర్‌తో, వార్మ్‌కి ఫ్లోరో లీడర్‌తో, క్రాంక్‌కి నైలాన్ లీడర్‌తో. కానీ నాకు మూడు అనుమానాలు. బ్రెయిడ్ 300 మీటర్లు ఖరీదు ఎక్కువ, 150 మీటర్లే కొంటే స్పూల్ సగమే నిండుతుంది, దాన్ని ఏం చెయ్యాలి? లీడర్ ముడి రింగుల్లో తగులుకుంటోంది, ఏ ముడి వెయ్యాలి? స్పిన్నింగ్ రీల్లో బ్రెయిడ్ ఉండలు కడుతుందంటారు, నిజమేనా? ఇక్కడ పర్లాకిమిడిలో అడగడానికి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, అందుకే ఇలా వరసగా అడుగుతున్నాను.

ఇచ్ఛాపురం_రీలుపని:

తమ్ముడూ నేను ఇచ్ఛాపురంలో రీళ్ళు విప్పి బాగుచేస్తుంటాను, ఈ మూడూ నా పనికి సంబంధించినవే కాబట్టి చెప్తున్నాను.

150 మీటర్లు బ్రహ్మాండంగా సరిపోతుంది. కింద నీ పాత 0.35 నైలాన్ కొంచెం చుట్టు, దాని మీద బ్రెయిడ్. ఇది డబ్బు మిగల్చడానికే కాదు, కచ్చితంగా చెయ్యాల్సిన పని. బ్రెయిడ్‌ని నున్నటి స్పూల్‌కి నేరుగా కడితే పట్టు దొరక్క మొత్తం కట్టకి కట్ట గుండ్రంగా జారుతుంది, డ్రాగ్ పాడైందేమోనని చాలామంది రీలు పట్టుకుని నా దగ్గరకి వస్తారు. నైలాన్ ఎంత చుట్టాలో తెలియడానికి ఉపాయం, ముందు బ్రెయిడ్ చుట్టు, దాని మీద నైలాన్ స్పూల్ నిండేదాకా చుట్టు, ఇప్పుడు మొత్తం తీసి తలకిందులుగా మళ్ళీ చుట్టు. స్పూల్ అంచుకి రెండు మిల్లీమీటర్లు ఖాళీ ఉంచు. పూర్తిగా నింపేస్తే చుట్లు చుట్లుగా ఊడిపడతాయి, మరీ తక్కువుంటే దూరం పడదు.

చుట్టేటప్పుడు తడిగుడ్డతో దారాన్ని గట్టిగా పట్టుకుని బిగువుగా చుట్టు. వదులుగా చుట్టిన బ్రెయిడ్ మీద పెద్ద చేప లాగితే పై దారం కింది చుట్లలోకి కోసుకుపోయి ఇరుక్కుంటుంది, తర్వాత వేసినప్పుడు అక్కడ టక్కున ఆగి లూర్ తెగి ఎగిరిపోతుంది.

ఉండల సంగతి నిజమే గానీ తప్పించుకోవచ్చు. లూర్ నీటిలో పడగానే హ్యాండిల్ తిప్పి బెయిల్ (స్పూల్ మీద దారాన్ని పట్టే తీగ) మూయొద్దు, చేత్తో మూసి, దారాన్ని వేళ్ళతో ఒకసారి లాగి బిగువు చేసి అప్పుడు తిప్పు. ముఖ్యంగా పాపర్‌ని ఆడిస్తూ మధ్యమధ్యలో వదులు చేస్తాం కదా, ఆ వదులు దారం స్పూల్ మీదకి మెత్తగా ఎక్కి తర్వాత వేసినప్పుడు ఉండ కట్టేది అక్కడే.

ముళ్ళకొస్తే, బ్రెయిడ్‌ని ఫ్రాగ్‌కి కట్టడానికి పాలోమర్. దారం మడత పెట్టి గాలం కంట్లోంచి తీసి, మామూలు ముడి వదులుగా వేసి, ఆ మడతలోంచి లూర్ మొత్తం దూర్చి లాగడమే, చీకట్లో కూడా వెయ్యొచ్చు. లీడర్‌కి ఎఫ్‌జీ ముడి నేర్చుకో, అందులో లీడర్ అసలు మడత పడదు, బ్రెయిడ్ దాని చుట్టూ అటొకసారి ఇటొకసారి అల్లుకుని బిగుసుకుంటుంది, అందుకే రింగుల్లోంచి సాఫీగా జారిపోతుంది. ఇంట్లో కూర్చుని అలవాటు చేసుకో, గట్టు మీద గాలిలో నేర్చుకోవడం కష్టం. అందాకా డబుల్ యూనీ వేసుకుని, ముడి రింగుల బయటే ఉండేలా లీడర్ చిన్నది కట్టుకో. నైలాన్‌కి వేసే క్లించ్ ముడి బ్రెయిడ్‌కి వెయ్యకు, జారిపోతుంది. ఏ ముడైనా బిగించే ముందు నోట్లో పెట్టి తడి చెయ్యి, ఫ్లోరోకి మరీ ముఖ్యం. పొడిగా లాగితే ఆ రాపిడి వేడికి దారం తెల్లగా నలుగుతుంది, నలిగిన చోటే తెగుతుంది.

డ్రాగ్ చేతి అంచనాతో పెట్టకు, బస్తాలు తూచే స్ప్రింగ్ కాటా ఉంటుంది కదా, దారం దానికి తగిలించి రాడ్డు ఎత్తి లాగు. 30 పౌండ్లంటే పదమూడున్నర కిలోలు, అందులో నాలుగో వంతు, మూడు మూడున్నర కిలోల దగ్గర డ్రాగ్ జారాలి. 15 పౌండ్ల లీడర్ కట్టిన రోజు లీడర్‌ని బట్టి తగ్గించుకో, బలహీనంగా ఉన్నది ఏదో దాన్ని బట్టే లెక్క. డెక్క మీద ఫ్రాగ్ వేసేటప్పుడు ఇంకొంచెం బిగించుకోవచ్చు, అక్కడ చేపకి దారం ఇస్తే కిందకి దూరిపోతుంది.

రాడ్డు రింగుల్లోంచి కొంచెం దూది లాగి చూడు. దూది పోగులు ఎక్కడైనా తగులుకున్నాయంటే ఆ రింగు పగిలిందని అర్థం, ఎంత మంచి బ్రెయిడైనా అక్కడ ఒరుసుకుని పోతుంది. రింగు మార్పించుకున్నాకే కొత్త దారం వెయ్యి.

అడుగున ఇరుక్కుపోతే బ్రెయిడ్‌ని చేతికి చుట్టి లాగకు. చర్మం కోసేస్తుంది, వేలు పోయేంత పని అవుతుంది. ఒక కర్ర ముక్కకి నాలుగు చుట్లు చుట్టి దాన్ని పట్టుకుని లాగు.

బరంపురం_పోటుపాటు:

రీలుపని అన్న చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. మొగలో వేసి వచ్చాక రీలు, లైన్ పై నుంచి మంచినీళ్ళు సన్నగా పోసి నీడలో ఆరబెట్టు. ఉప్పు ఆరిపోయి పోగుల మధ్య ఉండిపోతే దారం గరుకెక్కుతుంది, రింగుల్ని కూడా తింటుంది. నైలాన్ అయితే ఎండ ఇంకా ప్రమాదం, షాపుల్లో గుమ్మం ముందు ఎండలో వేలాడదీసిన చుట్ట కొనొద్దు, ఎంత చవకైనా. మెరుపు పోయి గరుగ్గా ఉంటే ఒక అడుగు లాగి ముడి వేసి తెంపి చూడు, తేలిగ్గా తెగిందంటే అది పాతదే.

వేటకి వెళ్ళిన ప్రతిసారీ చేప పడ్డాక లీడర్ చివర రెండడుగులు గోటితో తడిమి చూడు. గరుకు తగిలితే అక్కడికి కోసేసి మళ్ళీ కట్టు. నీ మొన్నటి చేప అలాగే పోయుంటుంది.

గుణుపూర్_గెడ్డ:

తమ్ముడూ, లైన్ మార్చాక ఫ్రాగ్ వేసే పద్ధతి కూడా కొంచెం మారాల. బ్రెయిడ్ సాగదు కాబట్టి, చేప కొట్టగానే లాగితే నోట్లోకి పోకముందే ఫ్రాగ్ ఊడొచ్చేస్తాది. డెక్క సందులో చూస్తూ ఉండు, కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకొచ్చి బుడగ వదిలి దిగుతాది, గాలి పీల్చకపోతే అది బతకలేదు. ఆ బుడగ దాటి నాలుగడుగులు అవతల ఫ్రాగ్ వేసి దాని మీదుగా నెమ్మదిగా లాక్కురా. డెక్క ఉబ్బినట్టు లేస్తాది, ఫ్రాగ్ మాయమవుతాది. అప్పుడు రాడ్డు కొన చేప వైపు దించి, వదులు దారం చుట్టుకుని, బరువు చేతికి తగిలాక కొట్టు. కొట్టాక ఆగకుండా లాగుతూనే ఉండు, తల పైకి ఉంటే డెక్క మీద జారుకుంటూ వచ్చేస్తాది.

వానలు పడ్డాక నీటి మీద ఎర్రగా చిన్న పిల్లల గుంపు ఒక్కసారి పైకి తేలి మళ్ళీ దిగడం కనిపిస్తాది. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ ఫ్రాగ్ వేస్తే కోపంతో వెంటనే కొడతాయి, అందుకే చాలామంది అక్కడే వేస్తారు. దయచేసి ఆ గుంపు మీద వెయ్యకండి, పెద్దవి పోతే మిగతా చేపలు ఆ పిల్లల్ని పూటలో తినేస్తాయి, వచ్చే ఏడాది ఆ చెరువులో ఏటీ మిగలదు.

చెరువు పంచాయితీదైనా సొసైటీదైనా లీజుకి తీసుకున్నవాళ్ళని అడిగి వెయ్యి, మన వైపు అడిగితే కాదనేవాళ్ళు తక్కువే.

మహేంద్రతనయ_గట్టు:

తప్పకుండా అండి, పిల్లల గుంపు సంగతి మా ఫ్రెండ్స్‌కి కూడా చెప్తాను. చివరిగా ఒక్కటి, రీల్లోంచి తీసిన పాత నైలాన్ చాలా ఉంది, కింద చుట్టగా మిగిలింది ఏం చెయ్యను? ఇంకా గట్టిగానే ఉన్నట్టుంది.

ఇచ్ఛాపురం_రీలుపని:

గట్టిగా ఉంటే పారెయ్యకు. వేరే ఖాళీ డబ్బాకి చుట్టుకో, రీలుకి చుట్టేటప్పుడు లోపలి చివర పైకి వచ్చేలా తిప్పి చుట్టుకోవచ్చు, ఆ లోపలి భాగం ఎండ తగలకుండా కొత్తగానే ఉంటుంది. ఇంకో స్పూల్ కొనగలిగితే దానికి ఇదే వేసి క్రాంక్‌కి ఉంచుకో, నాగావళి అన్న చెప్పినట్టు దానికి ఇదే మంచిది, రాడ్డు ఒక్కటే అయినా రెండు స్పూళ్ళు ఉంటే గట్టు మీదే నిమిషంలో మార్చుకోవచ్చు. నీ రీలు మోడల్ నంబరు అడుగున రాసి ఉంటుంది, అది చూసుకుని అదే సైజు స్పూల్ అడుగు, వేరే మోడల్‌ది పట్టదు.

గరుకెక్కిన భాగం మాత్రం గట్టు మీద వదలకు, నీళ్ళలోకి విసరకు. నైలాన్ ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. తేలినీలాపురం కొంగలు, గూడబాతులు మేతకి మన చెరువులకే వస్తాయి, కాళ్ళకి దారం చుట్టుకుంటే ఎగరలేవు. మొగల దగ్గర తాబేళ్ళకి కూడా అంతే. కత్తెరతో జానెడు ముక్కలుగా కోసి సీసాలో వేసి మూత పెట్టి ఇంటికి పట్టుకెళ్ళి చెత్తబండిలో వెయ్యి. బ్రెయిడ్ ముక్కలు కూడా అలాగే, అది ఇంకా గట్టిది.